కంటకమ్మ మూకుడూ, వాడిన నూనె చట్టమూ

ఐరోపా ఖండానికి ఉత్తర దిక్కున, ఏడాదిలో ఐదు నెలలు మంచు దుప్పటి కప్పుకొని పడుకొనే ఒక పెద్ద అడవిలో, వాగు రేవు పక్కన కంటకమ్మ అనే ఏదుపంది గారెలు వండి పెడుతూ ఉండేది.

ఆ మూకుడు ఆమె అమ్మమ్మ నాటిది. అడవి చిక్కుడు గింజలు ముందునాడే నానవేసి, పొట్టు పోయేదాకా కడిగి, కాటుకలా రుబ్బి, ఆకు మీద తట్టి, నడుమ బెజ్జం పెట్టి కాగిన నూనెలోకి జారవిడిచేది. వీపు మీది ముల్లు ఒకటి ఊడదీసి, దానితోనే గారెను తిరగవేసేది. గారె నూనెలో స్నానం చేయాలి కాని నూనెను తాగకూడదని ఆమె సిద్ధాంతం.

రేవు దాటే జంతువులన్నీ అక్కడ ఆగేవి. ఉన్నవారు గుప్పెడు చిక్కుడు గింజలో, మోపెడు ఎండు పుల్లలో తెచ్చేవారు. ఏమీ తేలేనివారు తిన్న ఆకులు ఎత్తి, కడవెడు నీళ్ళు పోసి వెళ్ళేవారు. నాటి మూకుట్లో మిగిలిన నూనె మర్నాటి తాలింపుకు చెల్లిపోయేది. కంటకమ్మ ఇంట పారబోసేది కడుగునీళ్ళు ఒక్కటే. అవి కూడా పాదులోకే పోయేవి.

ఇలా ఉండగా, అడవిలోని పెద్దలందరూ నూనెబండ్లు కొనుక్కొన్నారు. అవి భూమిలోంచి తోడిన నల్లనూనెతో నడిచేవి. నడిచినంత మేరా పొగ కక్కేవి. ఒక సంవత్సరం, ఉదయం తెల్లగా కురిసిన మంచు సాయంత్రానికి బొగ్గుపొడి అయి కూర్చున్నది. ఆ నల్లటి నేల మీద తెల్ల కుందేళ్ళు దాగడానికి చోటు లేక వరుసగా తోడేళ్ళ పాలయ్యాయి. అప్పటికి అరణ్య మహాసభకు మెలకువ వచ్చింది.

సభాపతి ఎలుగురాయుడు సజ్జనుడు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే: ఏ చిక్కు వచ్చినా ఆయనకు రెండు తీర్మానాలు కావాలి. మొదటిది ఆ చిక్కు తీర్చడానికి, రెండవది మొదటి తీర్మానం తెచ్చిన చిక్కు తీర్చడానికి.

మొదటి తీర్మానం ప్రకారం, ప్రతి బండివారూ నెలకు పది కుండల గింజనూనె పోసి బండి నడపాలి. ఆ నెలలోనే అడవిలోని అక్రోటు కాయలన్నీ గానుగలకు పోయాయి. గానుగ నడిపే ఉడుత కొమ్మక్క సైతం తట్టుకోలేక సభకు వచ్చి నిలబడింది.

“అయ్యా, గానుగ నాదే, నూనె నాదే, కాదనను. కాని మా పిల్లలు కొరకవలసిన కాయలు మీ బండ్లు మింగుతున్నాయి. బండికి పళ్ళే లేవు, దానికి అక్రోట్లెందుకు?”

సభ తల ఊపింది. రెండవ తీర్మానం వెలువడింది. తినే నూనె బండ్లకు పోయకుండా, వంటలో వాడగా మిగిలిన నూనె పోయాలి. అది ఎవరి నోటి ముద్దా కాదు కనుక పరమ పవిత్రం. దానిని ప్రోత్సహించడానికై ఒక్క కుండను రెండు కుండలుగా లెక్క కట్టాలి. అంటే, పది కుండలు పోయవలసినవారు వాడిన నూనె ఐదు కుండలు పోస్తే చాలు.

వాడిన నూనె అంటే ఏమిటని ఒక ముసలి దుప్పి అడిగింది. “ఏదో ఒకటి వేగిన నూనె,” అని సభ నిర్వచించింది. దాన్ని తేల్చే అధికారం వడ్రంగిపిట్ట టంకారయ్యకు ఇచ్చారు. ఎవరు ఏమి వండగా మిగిలిన నూనెయో ఆకుపత్రం మీద రాసి తేవాలి; ఆయన దాని మీద ముక్కుతో మూడు చిల్లులు పొడవాలి. అదే ముద్ర. టంకారయ్య బహు నిష్ఠాపరుడు. ఎంత చిన్న పత్రమైనా రెండుసార్లు చదివేవాడు; ఎంత పెద్ద పీపా అయినా ఒక్కసారి కూడా మూత తీసేవాడు కాదు.

వారం తిరగకముందే నక్క గోమాయయ్య తోక విదిలించుకొంటూ రేవుకు వచ్చాడు. ఏ వస్తువైనా ఎక్కడ ఉండకూడదో అక్కడికి చేరవేయడం అతని వృత్తి.

“అత్తయ్యా, మూకుట్లో మిగిలిన నూనె ఏం చేస్తున్నావు?”

“తాలింపు వేస్తున్నాను. ఏం, నీ తోకకు రాసుకొంటావా?”

“నా తోకకు కాదు, సభాపతిగారి బండికి. ఆ అర కుండ నాకిచ్చెయ్యి, దానికి బదులు కుండెడు కొత్త నూనె ఇస్తాను.”

కంటకమ్మ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. “వాడినదానికి వాడనిది రెట్టింపా? ఎండ తగిలిందిరా నీకు, నీడలో కూర్చో.”

అయినా ఇచ్చింది. కాదనడానికి కారణమేమీ కనబడలేదు. ఆ కొత్త నూనెతో మరి నాలుగు వాయలు గారెలు వండి, రేవులో దిగిన అడవిబాతులకు పెట్టింది.

గోమాయయ్య మాత్రం తిరిగి వెళ్తూ దారి పొడుగునా ఆలోచించాడు. నూనె వాడినదైతే విలువ పెరుగుతుంది. వాడాలంటే ఏదో ఒకటి వేగాలి. ఎంత వేగాలో, ఎన్ని వేగాలో చట్టంలో లేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. “అత్తయ్యా, ఒక్క గారె ఇవ్వు. కాస్త గట్టిది చూసి ఇవ్వు, చిరగకూడదు.”

“నా గారె గట్టిదని ఎవడు చెప్పాడురా నీకు?” అన్నది కంటకమ్మ. ఆమె ముళ్ళన్నీ ఒక్కసారి లేచి నిలిచాయి.

“అయ్యో, మెత్తనిదే తల్లీ. మెత్తనిదే కాని నమ్మకమైనది ఒకటి ఇవ్వు.”

ఆ గారె ఎక్కడికి పోతున్నదో చూద్దామని కంటకమ్మ వెనకనే నడిచింది. కొండ పక్క పాకలో మూడు వందల కుండల కొత్త నూనె వరుసగా కాగుతున్నది. గోమాయయ్య ఆ గారె బెజ్జంలో నార దూర్చి, మొదటి కుండలో ముంచి తీశాడు, రెండవదానిలో ముంచి తీశాడు. అలా చివరి దాకా పోయి, గారెను ఎండలో ఆరవేశాడు. పాక బయట టంకారయ్య కూర్చొని మూడు వందల పత్రాలకు చిల్లులు పొడుస్తున్నాడు.

“ఏమిట్రా ఈ చోద్యం? అన్నప్రాశన నాడు పసివాడి నాలుకకు పాయసం తాకించినట్టు?” అన్నది కంటకమ్మ.

“చట్టం అత్తయ్యా. గారె వేగింది. కాదనమను చూద్దాం.”

కాదనడానికి నిజంగానే వీలు లేకపోయింది. వారం రోజులు ఆ గారె అడవిలోని నూనెనంతా వాడిన నూనెగా మార్చి, చివరకు గులకరాయి అయి ఊరుకొన్నది. అప్పటికి గోమాయయ్యకు ముంచడం కూడా అనవసరపు శ్రమగా తోచింది. దక్షిణ సముద్రపు దీవుల నుంచి పడవల మీద పామాయిలు పీపాలు దింపించాడు. ప్రతి పీపాకూ ఒక పత్రం అంటించి ఉన్నది: ఇది ఆ దీవుల్లోని కోతులు గారెలు వండుకోగా మిగిలిన నూనె, ఒక్కొక్క కోతి దినానికి మూడు వందల గారెలు తింటుంది అని.

కంటకమ్మ టంకారయ్యను దారిలో ఆపింది. “నాయనా, ఆ కోతి పొట్ట ఎప్పుడైనా చూశావా?”

“పొట్టలు చూడడం నా విధి కాదమ్మా. పత్రం చూడడం నా విధి. పత్రంలో కోతి ఉన్నది, గారెలున్నాయి, కోతి సంతకమూ ఉన్నది.”

“కోతి సంతకం చేసిందా?”

“చేసింది. అందుకే కొంచెం కొమ్మలు పట్టుకొని వేలాడుతున్నట్టు ఉంటుంది.”

కోతులు తినని గారెల సంగతి అలా ఉంచితే, రేవులో తినవలసిన గారెలకు కరువు వచ్చింది. కంటకమ్మ ఎప్పటివలె కొమ్మక్క గానుగకు కుండ పట్టుకొని వెళ్ళింది. కొమ్మక్క తల ఎత్తలేదు.

“ఒక్క చుక్క లేదు పిన్నీ. తీసినది తీసినట్టు గోమాయయ్య పాకకు పోతున్నది. వాడిన నూనె రేటు ఇస్తాడు. నూనె అతనికే పోసినట్టు పత్రముంటేనే మా చెట్టును ఎవరూ నరకకుండా సభ కాపలా కాస్తుందట.”

“వాడకముందే వాడిన నూనె రేటా?”

“అంతే పిన్నీ. ఈ అడవిలో ఇప్పుడు కొత్త నూనె అనేది పుట్టడం లేదు. పుట్టుకతోనే వాడినదైపోతున్నది.”

కంటకమ్మ ఖాళీ కుండతో ఇల్లు చేరేసరికి గుమ్మంలో టంకారయ్య ఆకుపత్రం పట్టుకొని కూర్చొని ఉన్నాడు. గొంతు సవరించుకొని చదివాడు. ఈ అడవిలో అందరికంటే ఎక్కువ గారెలు వండేది కంటకమ్మ అనీ, అందరికంటే తక్కువ వాడిన నూనె అప్పగించింది కూడా ఆమేననీ, ఇది గాఢమైన అనుమానానికి తావిస్తున్నదనీ అందులో ఉన్నది.

“దినానికి రెండు వందల గారెలు. వారానికి అర కుండ వ్యర్థం. మిగతా నూనె ఎక్కడ దాచావో చెప్పమ్మా.”

“గారెల్లో ఉన్నది నాయనా.”

“గారెలు ఎక్కడున్నాయి?”

“పొట్టల్లో ఉన్నాయి. నీ పొట్టలో కూడా మొన్నటివి రెండున్నాయి.”

టంకారయ్య కాస్త ఇబ్బంది పడి, మళ్ళీ పత్రం చూసుకొన్నాడు. “నీవు వ్యర్థం చాలినంత చేయడం లేదమ్మా. తొలి మంచు పడేలోగా పది కుండల వాడిన నూనె అప్పగించకపోతే మూకుడు సభకు జప్తు.”

కంటకమ్మ చేతిలోని కుండ నేల మీద పెట్టింది. మూకుడు లేకపోతే రేవులో పొయ్యి లేదు. పొయ్యి లేకపోతే మంచులో వాగు దాటి వచ్చే దుప్పులకూ, ముసలి కుందేళ్ళకూ, గట్టెక్కగానే వేడి ముద్ద లేదు. కిందటి ఏడు చలికాలంలో ఒక్క ప్రాణి కూడా ఆ దారిలో కూలిపోలేదంటే ఆ ముద్దే కారణమని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు కాని తెలుసు.

సంగతి విని గోమాయయ్య పరుగెత్తుకొని వచ్చాడు. అతను దుర్మార్గుడు కాడు. లాభం అడ్డురానప్పుడు జాలిగుండె కలవాడే.

“అత్తయ్యా, పది కుండలే కదా. నా పాకలోంచి పంపిస్తాను. నేను వండగా మిగిలినవి అని పత్రం మీద ఒక్క మాట రాయి. మూకుడు నిలుస్తుంది.”

“వండనిదాన్ని వండానని రాయాలా?”

“అందరూ రాస్తున్నారు.”

“అందరూ రాయనీ. ఆ మాట రాసిన చేత్తో రేపు పిండి ఎలా తట్టమంటావురా? చెయ్యి వణికితే బెజ్జం పక్కకు పోతుంది.”

గోమాయయ్యకు ఆ బాధ అర్థం కాలేదు. మంచివాడు కనుక అర్థమైనట్టు తల ఊపి వెళ్ళాడు.

ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. రేపో మాపో మంచు. మూకుడు పోయే ఘడియ దాకా తన పద్ధతి తప్పకూడదని కంటకమ్మ ఆనాడు కూడా పిండి రుబ్బి పెట్టుకొని, ఖాళీ మూకుడు ముందు కూర్చొన్నది. అంతలో రేవు బాటన గడగడమంటూ సభాపతి బండి వచ్చి ఆగింది. బండి మీద మూడు నూనె పీపాలు, పీపాల మీద టంకారయ్య, వెనక కాలినడకన గోమాయయ్య.

ఎలుగుబంట్ల ఆచారం తెలిసినదే. చలికాలమంతా నిద్రపోవాలంటే ముందుగా కడుపు పగిలేట్టు తినాలి. ఎలుగురాయుడు ఏటా తొలి మంచుకు ముందు కంటకమ్మ చేతి గారెలు రెండు వందలు తిని గుహలోకి పోయి, వసంతం దాకా కన్ను తెరిచేవాడు కాదు.

“వడ్డించు కంటకమ్మా,” అన్నాడు సభాపతి ఆకు పరచుకొంటూ.

“పిండి ఉన్నది, నిప్పు ఉన్నది, మూకుడు కూడా రేపటి దాకా ఉన్నది. నూనె లేదు ప్రభూ.”

“నూనె లేకపోవడమేమిటి? అడవి నిండా నూనె పొంగిపొరలుతున్నదని నిన్ననే నివేదిక విన్నాను.”

“అదంతా వాడిన నూనె ప్రభూ. వాడుకోవడానికి నూనె లేదు.”

ఎలుగురాయుడు పరిచిన ఖాళీ ఆకు వైపు చూశాడు. పొట్ట గుర్రుమన్నది. “తినకపోతే నాకు నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే ఊరికే కూర్చోవడం దేనికి? ఈ చలికాలమంతా మహాసభ జరుపుదాం. మిగిలిపోయిన తీర్మానాలు కూడా చాలా ఉన్నాయి.”

ఆ మాట విని రేవులో నిలబడిన జంతువుల ముఖాలు పాలిపోయాయి. సభాపతి నిద్రపోయే ఆ ఐదు నెలలే అడవికి తెరిపి. కొమ్మక్క చెట్టు మీదినుంచి ఒక్క దూకు దూకి కంటకమ్మ చెవిలో అన్నది: “పిన్నీ, ఎలాగైనా ఆయన్ను పడుకోబెట్టు. నీకు పుణ్యముంటుంది.”

కంటకమ్మ బండి వైపు చూసింది. “ఆ పీపాల్లో ఏమున్నది?”

“వాడిన నూనె,” అన్నాడు టంకారయ్య. “మూడు చిల్లుల ముద్ర కలది. బండి తాగవచ్చు, ప్రాణి తాగరాదు. నాలుక తాకించడం కూడా చట్టవిరుద్ధం.”

“ముక్కుకు చట్టం లేదు కదా,” అని కంటకమ్మ పీపా మూత తీసింది. వాసన చూసింది. వేలు ముంచి వెలుగుకు పట్టి చూసింది. ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా రెండు ముంతలు మూకుట్లో పోసి, పొయ్యి ఎగదోసి, కాగిన తరువాత చిటికెడు పిండి వేసింది. అది అడుగుకు పోయి, పైకి తేలి, చుట్టూ నురగ కట్టకుండా నెమ్మదిగా ఎర్రబడింది.

“నాలుగు వాయలు చూసిన నూనె ముఖం వేరుగా ఉంటుంది ప్రభూ. రంగు ముదురుతుంది, చిక్కబడుతుంది, పిండి వేస్తే చుట్టూ నురగ కట్టి గొణుగుతుంది. ఇది కన్నెనూనె. పుట్టి బుద్ధెరిగిన తరువాత దీనికి ఇదే మొదటి గారె.”

అందరూ గోమాయయ్య వైపు తిరిగారు.

“కోతులు బహుశా చాలా శుభ్రంగా వండుకొంటాయేమో,” అన్నాడు గోమాయయ్య నేల చూస్తూ.

ఎలుగురాయుడికి విచారణ కంటే ముందు గారెలు కావాలి. వాయ వెనుక వాయ దిగింది. నూట నలభై తిన్న తరువాత ఆయనకు సభాపతినన్న సంగతి గుర్తుకు వచ్చింది. “టంకారయ్యా, అయితే నీ ముద్ర అబద్ధమా?”

టంకారయ్య రెక్కలు సర్దుకొన్నాడు. “ముద్ర అబద్ధం కావడానికి వీలు లేదు ప్రభూ. ముద్ర ఉన్నది కనుక ఇది వాడిన నూనె. వాడిన నూనెలో వండినది ఆహారం కాజాలదు. కనుక తమరు తింటున్నవి గారెలు కావు.”

“మరేమిటి?”

“వ్యర్థం ప్రభూ.”

ఎలుగురాయుడు చేతిలోని నూట నలభై ఒకటవ గారెను అటూ ఇటూ తిప్పి చూశాడు. కరకరలాడుతున్నది. నోట్లో వేసుకొన్నాడు.

“వ్యర్థం చాలా బాగున్నది,” అన్నాడు. రెండు వందలు నిండేసరికి కన్నులు మూతలు పడసాగాయి. ఆవులింతల నడుమ తీర్మానం చెప్పాడు: ఇకమీదట ఏ పీపా అయినా సరే, కంటకమ్మ మూకుట్లో పది వాయలు వేగి, ఆమె ఔనన్న తరువాతనే వాడిన నూనె అనిపించుకోవాలి. వేయించే పిండి, రుబ్బే శ్రమ పీపా యజమానివి. ఇక గారెలు, నూనెను వాడే పనిలో పుట్టే వ్యర్థం కనుక, వాటిని ఎప్పటికప్పుడు అక్కడికక్కడే నిర్మూలించాలి. అంతటితో ఆయన గురక మొదలైంది. సభాపతి నిద్రలో ఉండగా తీర్మానాన్ని సవరించే అధికారం ఎవరికీ లేదు.

మర్నాడు మంచు పడింది. గోమాయయ్య పీపాలన్నీ రేవు పక్కన వరుసగా నిలిచాయి. పొత్రం పట్టుకొని అతనే రుబ్బుతున్నాడు.

“అత్తయ్యా, పంజాలు అరిగిపోతున్నాయి.”

“వాడినవాటికి రెట్టింపు విలువరా అబ్బాయీ. ఆపకుండా రుబ్బు.”

అంతలో టంకారయ్య ఒక పలక మోసుకొని వచ్చి కంటకమ్మ ముందు పెట్టాడు. దాని మీద ‘వ్యర్థ నిర్మూలన కేంద్రం’ అని చెక్కి ఉన్నది. ఇది గుమ్మానికి తగిలిస్తేనే పొయ్యి వెలిగించాలని చెప్పాడు.

కంటకమ్మ ఆ అక్షరాలు చదివింది. అమ్మమ్మ చేతి గారె కోసం ఒకప్పుడు ఏడు కొండల అవతలినుంచి జింకలు వచ్చేవి. ఆ గారె నేడు వ్యర్థం. ఆమె వీపు మీది ముళ్ళు లేచాయి. పలకను పొయ్యిలో పెట్టడానికే రెండు చేతులతో ఎత్తింది.

ఎత్తిన చేతుల మీదుగా వాగు కనబడింది. మోకాలి లోతు మంచునీటిలో దుప్పులు దిగుతున్నాయి, వాటి వెనక ముసలి కుందేళ్ళు ఒకదాని తోక ఒకటి పట్టుకొని వస్తున్నాయి.

కంటకమ్మ పలకను గుమ్మానికి తగిలించింది. వంకర లేకుండా ఒకసారి సరిచూసింది. తరువాత మూకుడు పొయ్యి మీద పెట్టింది.

ముందుగా ఒడ్డెక్కిన దుప్పి వణుకుతూ అడిగింది: “అత్తా, ఈ పూట ఏమి ఉన్నది?”

“వ్యర్థం నాయనా. వేడివేడిగా ఉన్నది, రండి, కూర్చోండి.”

కనుక లోకంలోని పొదుపరులందరూ ఇకనైనా కొంచెం వృథా చేయడం నేర్చుకోవాలి. లేకపోతే ఏలికలకు పొదుపు చేయడానికి ఏమీ మిగలదు.